నెత్తురు చుక్కలో క్యూ లైను

శ్రీశైలం గుడి దగ్గర నుంచి కిందికి దిగితే కృష్ణానది వస్తుంది. ఆ రేవును పాతాళగంగ అంటారు. పై నుంచి రేవు దాకా మెట్లు ఉన్నాయి. రోప్‌వే కూడా ఉంది. కానీ పూలు అమ్ముకునే వాళ్లు రోజూ డబ్బు పెట్టి రోప్‌వే ఎక్కలేరు. వాళ్లకు మెట్లే దిక్కు.

ఆ మెట్ల మీద పూలు అమ్మే ఒక తల్లి కథ ఇది. ఆమెది సున్నిపెంట. శ్రీశైలం డ్యాము కట్టేటప్పుడు పనివాళ్ల కోసం పెరిగిన ఊరు అది. ఒకప్పుడు కర్నూలు జిల్లా. 2022 నుంచి నంద్యాల జిల్లా.

ఆ తల్లికి 38 ఏళ్లు. ముగ్గురు పిల్లలు. ఇదివరకు గంపెడు పూలు నెత్తిన పెట్టుకుని గబగబా మెట్లు దిగేది. అంతే గబగబా ఎక్కేది. ఏడాదిగా అలా చేయలేకపోతోంది. పది మెట్లు ఎక్కితే ఆయాసం. గుండె దడ. రాత్రి పడుకుంటే అరికాళ్లలో తిమ్మిర్లు.

"ఒంట్లో నెత్తురు లేదు మ్మే నీకు. మొగం చూడు, సున్నం కొట్టినట్టు ఉండాది" అంది అత్త.

"ఒంట్లో నెత్తురు లేదు." ఈ మాట మన ఊళ్లల్లో అందరూ అంటారు. నిజానికి నెత్తురు ఉంటుంది. అందులో ఎరుపు తగ్గుతుంది. నెత్తురులో కంటికి కనబడని చిన్న చిన్న కణాలు ఉంటాయి. వాటిని ఎర్రకణాలు అంటారు. ఆవగింజంత నెత్తురులో అవి 40, 50 లక్షలకు తగ్గకుండా ఉంటాయి. వాటిలో ఉండే ఎర్రటి పదార్థం పేరు హిమోగ్లోబిన్. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును అదే ఒళ్లంతా మోస్తుంది. అది తగ్గితే మోత తగ్గుతుంది. అందుకే ఆయాసం. దీన్నే రక్తహీనత అంటారు. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. గర్భిణికి 11 గ్రాములైనా ఉండాలి. 2019-21లో దేశమంతా ఇంటింటి ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు అందులో తేలింది.

ఆ తల్లి ఊరికే కూర్చోలేదు. మందుల షాపులో ఐరన్ మాత్రలు కొనుక్కుంది. పొద్దున టీ తాగుతూ టీతోనే మింగింది. అది తప్పు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నెలన్నర మింగింది. వేలు పొడిచి పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ మొదట 8.4 ఉండేది. నెలన్నరకు 8.6 అయింది.

"మాత్రలన్నీ డబ్బు దండగ" అంది అత్త.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది. నాలుక చూసింది. తిమ్మిర్ల సంగతి అడిగింది.

"వేలు పొడిచిన పరీక్ష చాలదమ్మా. సి.బి.పి. చేయిద్దాం" అంది.

సి.బి.పి. అంటే నెత్తురు పూర్తి పరీక్ష. చేతి నరం నుంచి కొంచెం నెత్తురు తీస్తారు. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో పోస్తారు. ఆ గొట్టాన్ని ఒక యంత్రం దగ్గర పెడతారు. రెండు మూడు నిమిషాలలో యంత్రం అంకెలు చెబుతుంది.

ఆ తల్లికి డ్వాక్రా సంఘంలో సంతకం వచ్చింది. తర్వాత చదువూ వచ్చింది. అంకెలు బాగా చదవగలదు. ల్యాబులో పనిచేసే అబ్బాయి కాగితం ఇవ్వగానే చూసుకుంది. హిమోగ్లోబిన్ 8.6. అది తెలిసిందే. దాని కింద ఎం.సి.వి. అని ఉంది. ఎదురుగా 88. పక్కన 80 నుంచి 100 ఉండాలని రాసి ఉంది.

"ఇది సరిగానే ఉండాది కదా నాయనా?" అని అడిగింది.

"అది సరిగానే ఉంది అక్కా. దాని కిందది చూడు" అన్నాడు అబ్బాయి.

కింద ఆర్.డి.డబ్ల్యు. అని ఉంది. ఎదురుగా 22. మామూలుగా 11.5 నుంచి 14.5 దాకా ఉండాలి. 22 అంకె పక్కన యంత్రం ఒక గుర్తు కూడా పెట్టింది.

"ఇదేంది?"

"నీ కణాలు ఒకదానికొకటి పోలిక లేవని చెబుతోంది."

"కణాలను ఒక్కొక్కటీ కొలుస్తుందా ఇది? లక్షల్లో ఉంటాయంటిరే!"

అబ్బాయి నవ్వాడు. "శివరాత్రికి గుడి క్యూ లైను చూసినావు కదా అక్కా?" అన్నాడు.

శివరాత్రి ముందు జనం ఆత్మకూరు వైపు నుంచి నల్లమల అడవిలో నడిచి వస్తారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాస ద్వారం దగ్గర తేలతారు. కొండ మీద చేరితే ఎటు చూసినా తలకాయలే. ఎంత మంది వచ్చారో గుంపును చూసి చెప్పలేం. అదే జనం క్యూలో నిలబడితే? ఇరుకు దారిలో ఒక్కొక్కరే పోవాలి. అక్కడ ఒక మనిషి నిలబడితే లెక్క పెట్టవచ్చు. లెక్కే కాదు. ఎవరు పొడుగు, ఎవరు పొట్టి, ఎవరు లావు, ఎవరు బక్క, అదీ చూడవచ్చు.

ఈ యంత్రంలో జరిగేది ఇదే. నెత్తురును ఉప్పునీటిలో బాగా పలుచన చేస్తారు. ఎందుకంటే కణాలు ఒకదాన్నొకటి తోసుకోకూడదు. ఆ నీటిని ఒక సన్నని చిల్లి గుండా లాగుతారు. ఆ చిల్లి తలవెంట్రుక మందం అంత ఉంటుంది. చిల్లికి రెండు వైపులా కొద్దిపాటి కరెంటు పెడతారు. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది. కానీ కణం పైపొర కరెంటును పోనివ్వదు. కణం చిల్లిలో దూరినప్పుడు కరెంటుకు దారి కొంచెం మూసుకుపోతుంది. కణం దాటిపోగానే మళ్లీ తెరుచుకుంటుంది. దారి మూసుకున్న ప్రతిసారీ యంత్రం ఒక దెబ్బ గుర్తుపెట్టుకుంటుంది. ఒక దెబ్బ అంటే ఒక కణం. చిన్న కణం అయితే చిన్న దెబ్బ. పెద్ద కణం అయితే పెద్ద దెబ్బ. ఒక్క సెకనులో వేల కణాలు ఇలా దాటిపోతాయి.

ఇలా పసిగట్టే పరికరాన్ని సెన్సర్ అంటారు. గుళ్లోకి పోయేటప్పుడు ఒక చట్రం దాటాలి. జేబులో ఇనుము ఉంటే అది కుయ్ మంటుంది. అదీ ఒక సెన్సరే. అది మనుషులకు. ఇది కణాలకు. తేడా ఒక్కటే, దీని ద్వారం వెంట్రుకంత.

"క్యూలో నాయన భుజం మీద పిల్లోడు ఎక్కి వస్తే? ఇద్దరినీ ఒకరే అనుకోదూ?" అంది ఆ తల్లి.

మంచి ప్రశ్నే. రెండు కణాలు కలిసి దూరితే యంత్రం నిజంగానే వాటిని ఒకటే అనుకుంటుంది. అలా ఎన్నిసార్లు జరగవచ్చో ముందే లెక్క కట్టి, ఆ మేరకు సరిచేస్తారు. నెత్తురును అంత పలుచన చేసేది కూడా అందుకే.

ఈ ఉపాయం కనిపెట్టింది అమెరికా దేశపు వాలెస్ కౌల్టర్. తమ్ముడు జోసెఫ్‌తో కలిసి చికాగోలో పనిచేశాడు. మొదట్లో సిగరెట్ పెట్టె మీద ఉండే సెల్లోఫేన్ కాగితానికి వేడి సూదితో చిల్లి పెట్టి చూశాడని చెబుతారు. 1953లో పేటెంటు వచ్చింది. అంతకుముందు నెత్తురు కణాలను మనుషులే లెక్కపెట్టేవారు. గళ్లు గీసిన గాజు పలక మీద నెత్తురు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తూ, ఒక్కొక్క గడిలో ఎన్ని ఉన్నాయో ఎంచేవారు. కొన్ని వందలు ఎంచేసరికి కళ్లు మంట పుట్టేవి. ఇద్దరు ఎంచితే రెండు లెక్కలు వచ్చేవి.

సరే, లెక్క సంగతి తెలిసింది. 88 బాగుంది, 22 బాగాలేదు అంటే ఏమిటి?

ఎం.సి.వి. అంటే కణాల సగటు సైజు. ఆర్.డి.డబ్ల్యు. అంటే కణాల మధ్య హెచ్చుతగ్గులు ఎంత అన్నది.

ఆ తల్లి పుట్టిల్లు కడప జిల్లా. అక్కడ విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తారు. గింజలన్నీ ఒకే సైజులో ఉన్న శేరు ఒకటి అనుకుందాం. సగం తాలు, సగం బాగా లావు గింజలు కలిసిన శేరు ఇంకొకటి. రెంటిలో నుంచీ వంద గింజలు తీసి తూచితే బరువు ఒకటే రావచ్చు. తక్కెడకు తేడా తెలియదు. చేటలో పోసి చూసిన ఆడమనిషికి ఒక్క చూపులో తెలుస్తుంది.

లెక్క కూడా చేసి చూడవచ్చు. పది కణాలు తీసుకుందాం. పదీ 90 సైజే అయితే సగటు 90. ఇప్పుడు ఇంకో పది. అందులో ఐదు 70 సైజు, ఐదు 110 సైజు. 70 ఐదుసార్లు వేస్తే 350. 110 ఐదుసార్లు వేస్తే 550. మొత్తం 900. పదితో భాగిస్తే 90. సగటు మళ్లీ 90. కానీ ఈ పదిలో ఒక్క కణం కూడా 90 సైజు లేదు!

ఆ తల్లి నెత్తురులో జరిగింది ఇదే. సగం చిన్నవి, సగం పెద్దవి. సగటు మాత్రం చక్కగా ఉంది.

డాక్టరమ్మ యంత్రం మాటతో ఊరుకోలేదు. ఒక నెత్తురు చుక్కను గాజు పలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసింది. పాలిపోయిన చిన్న కణాలు కనబడ్డాయి. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కణాలూ కనబడ్డాయి. ఇంకో రెండు పరీక్షలకు నెత్తురు కర్నూలుకు పంపింది. జవాబు వచ్చింది. ఆమెకు ఒక లోటు కాదు, రెండు లోట్లు ఉన్నాయి. ఒకటి ఇనుము లోటు. రెండోది బి12 విటమిన్ లోటు.

కణాలు ఎందుకు ఇలా రెండు రకాలు అయ్యాయి? ఎర్రకణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ఒక పెద్ద కణం రెండుగా చీలుతుంది. అవి మళ్లీ చీలుతాయి. ఇనుము లేకపోతే ఎర్ర పదార్థం నిండదు. నిండేలోగా కణం ఇంకోసారి చీలిపోతుంది. అందుకే చిన్నగా, పాలిపోయి పుడుతుంది. బి12 లేకపోతే దీనికి ఎదురు. కణం పెరుగుతుంది గానీ సమయానికి చీలలేదు. అందుకే పెద్దగా పుడుతుంది. అలాంటివి చాలావరకు మూలుగలోనే చచ్చిపోతాయి.

"మీ ఇంట్లో ఏం తింటారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

జొన్నరొట్టె, సంగటి, ఊరిబిండి, పప్పు. ఆ ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు. పాలు టీ వరకే కొంటారు. పెరుగు పండగకే. బి12 ఆకుల్లో ఉండదు, గింజల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. అందుకే మాంసం తినని ఇంట్లో, పాలు కూడా కొనలేని ఇంట్లో ఈ లోటు వస్తుంది. ముట్టు ఎక్కువగా అయ్యే ఆడవాళ్లకు ఇనుము లోటు ఎటూ వస్తుంది. ఆ తల్లికి రెండూ ఒకేసారి వచ్చాయి. ఇక ఒట్టి ఐరన్ మాత్రలు ఎన్ని మింగితే ఏం లాభం?

తిమ్మిర్లు కూడా బి12 లోటు వల్లే. ఈ లోటు నెత్తురుతో ఆగదు. నరాలను తింటుంది. ఎక్కువ కాలం వదిలేస్తే నడక తడబడుతుంది. కొంత నష్టం మళ్లీ బాగుపడదు.

పెద్ద కణాల జబ్బు కథలో ఒక తెలుగువాడు కూడా ఉన్నాడు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. నెత్తురు విరిగిపోతుంది. సుబ్బారావు డాక్టరు చదివి అమెరికా పోయాడు. ఆ కాలంలోనే, అంటే 1928లో, లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి మిల్లు పనివాళ్లలో గర్భిణులకు రక్తహీనత ఎక్కువగా ఉండేది. వాళ్ల కణాలు పెద్దవిగా ఉన్నాయని ఆమె చూసింది. ఈస్టు నుంచి తీసిన పదార్థం తినిపిస్తే బాగుపడ్డారు. అందులో ఉన్న మందు ఏమిటో అప్పటికి తెలియదు. అదే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దాన్ని 1945లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో తయారు చేశారు. అక్కడ పరిశోధనకు పెద్ద సుబ్బారావే. 1948లో ఆయన చనిపోయాడు. బి12ను విడిగా తీసింది కూడా 1948లోనే. ఇప్పుడు ఆస్పత్రిలో గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

కానీ ఒక జాగ్రత్త. బి12 లోటు ఉన్నవాళ్లు ఒట్టి ఫోలిక్ ఆమ్లమే మింగితే నెత్తురు కొంత బాగుపడినట్టు కనిపిస్తుంది. లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. ఏ లోటు ఉందో తెలుసుకుని మందు వేయాలని డాక్టర్లు అనేది ఇందుకే.

ఆ తల్లికి డాక్టరమ్మ బి12 సూదులు మొదలుపెట్టింది. ఇనుము మాత్రలు కూడా ఇచ్చింది. టీకి గంట ముందో, గంట తర్వాతో వేసుకోమంది. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఇంకా మంచిదని చెప్పింది. అదీ చిన్న సంగతే, కానీ మొదటే తెలిసి ఉంటే ఆమె నెలన్నర మాత్రలు వృథా అయ్యేవి కావు.

మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేశారు. ఆర్.డి.డబ్ల్యు. 25కు పోయింది. ఆమె బెదిరిపోయింది.

"పెరిగిందే! సూదులు పడలేదేమో నాయనా."

"పెరగాల అక్కా" అన్నాడు ల్యాబు అబ్బాయి. "పాత కణాలు అట్లే ఉండాయి. కొత్తగా మంచి కణాలు పుట్టి వాటిలో కలిసినాయి. ఇప్పుడు మూడు రకాలు అయినాయి."

ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. పాతవి పోయి కొత్తవి నిండాలంటే అన్ని రోజులూ ఆగాలి. ఆమె ఆగింది. నాలుగు నెలలకు కాగితం తెచ్చుకుని పాత కాగితం పక్కన పెట్టి చూసింది. హిమోగ్లోబిన్ 11.8. ఆర్.డి.డబ్ల్యు. 14. ఎం.సి.వి. ఎంత? 87! మొదట 88, ఇప్పుడు 87. సగటు ఒక్క అంకె కదిలింది. లోపల నెత్తురంతా మారిపోయింది. ఆమె ఇప్పుడు రెండు చోట్ల ఆగి మెట్లన్నీ ఎక్కుతోంది. తిమ్మిర్లు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

యంత్రానికి అన్నీ తెలుసు అనుకోకూడదు. అది సైజు చూస్తుంది. ఆకారం చూడదు. కొడవలి కణాల జబ్బు ఉంది. అందులో ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. దాన్ని ఈ చిల్లి పట్టలేదు. దానికి వేరే పరీక్ష చేయాలి. ఆ జబ్బు గిరిజనుల్లో ఎక్కువగా ఉంటుందని 2023 జూలైలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. కణాలను వెలుతురుతో చూసే యంత్రాలు కూడా వచ్చాయి. వాటిలో కణాలు లైనుగా లేజర్ కాంతి ముందు నుంచి పోతాయి. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లకు చేసే సి.డి.4 లెక్క అలా చేసేదే.

ఇంతకీ అత్త సంగతి. కోడలు కోలుకోవడం చూసి ఆమె కూడా పరీక్షకు ఒప్పుకుంది. చెయ్యి చాపింది గానీ సూది వైపు చూడలేదు. కాగితం వచ్చింది. కోడలే చదివింది. హిమోగ్లోబిన్ 10.6. ఎం.సి.వి. 64. ఆర్.డి.డబ్ల్యు. 14.

"అత్తా, నీ కణాలన్నీ చిన్నవే. కానీ అన్నీ ఒకే తీరుగా ఉండాయి."

"ఒకే తీరు అయితే మంచిదే కదా మ్మే."

డాక్టరమ్మ ఆ కాగితాన్ని కాసేపు చూసింది. కణాలు ఇంత చిన్నవి, అయినా సమానంగా ఉన్నాయి. లెక్కకు కూడా తక్కువ లేవు, 56 లక్షలు. ఇనుము లోటులో సాధారణంగా హెచ్చుతగ్గులు ఉంటాయి. ఇలా సమానంగా ఉంటే తలసీమియా అంశ అని అనుమానించాలి. అది పుట్టుకతో వస్తుంది. తల్లి నుంచో, తండ్రి నుంచో వస్తుంది. అంశ ఒక్కటే ఉన్న మనిషికి పెద్దగా ప్రమాదం లేదు. ఇనుము లోటు లేకుండా ఇనుము మాత్రలు మింగినా లాభం లేదు. కానీ భార్యకూ అంశ ఉండి, భర్తకూ ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు భయం ఉంటుంది. ఆ బిడ్డకు తలసీమియా జబ్బు వస్తే నెలనెలా నెత్తురు ఎక్కించాలి.

"మీ ఇంట్లో మేనరికాలు ఉన్నాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

అత్తా కోడలూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. కోడలి పెద్ద కూతురికి 18 నిండాయి. డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది. అత్త కూతురు ఆత్మకూరులో ఉంది. ఆమె కొడుక్కి ఈ పిల్లను ఇవ్వాలని అత్త ఎప్పుడో మాట అనుకుంది. ఇద్దరూ ఆమె మనవళ్లే. ఆమెకు అంశ ఉంటే అది కొడుకు వైపు నుంచి పిల్లకూ రావచ్చు, కూతురు వైపు నుంచి పిల్లోడికీ రావచ్చు. రాకనూ పోవచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష పేరు హెచ్.బి.ఏ2.

బయటికి వచ్చాక అత్త చాలాసేపు మాట్లాడలేదు. బస్టాండు దగ్గర అరుగు మీద కూర్చుంది.

"నా కడుపున పుట్టినోళ్ల పెండ్లి ఆపేదానికేనా నాకు ఈ పరీక్ష?" అంది.

"ఆపమని ఎవరూ అనలేదు అత్తా. ముందు నీది చూడనీ. నీకు లేకుంటే ఈ మాటే లేదు. ఉంటే పిల్లలిద్దరికీ చేయిద్దాం. ఒకరికి ఉండి ఒకరికి లేకుంటే బిడ్డకు ఆ జబ్బు రాదంట."

"ఇద్దరికీ ఉంటే?"

కోడలు వెంటనే జవాబు చెప్పలేదు. కాగితం మడిచి చెంగున ముడి వేసుకుంది.

ఆ శుక్రవారం పొద్దున ఇద్దరూ కర్నూలు బస్సు ఎక్కారు. మధ్యలో ఆత్మకూరులో దిగారు. అత్త కూతురికి ముందే ఫోన్ చేశారు. ఆమె కొడుకు బస్టాండులో నిలబడి ఉన్నాడు. అవ్వను చూసి చెయ్యి ఊపాడు.